కొత్త కెర్నల్ ఎక్కడికి పోయింది?

17 ఫిబ్రవరి 2025, సోమవారం

లంక గ్రామాల పుస్తకం రెండో ప్రూఫు మాస్టారికి వెళ్లింది. ఆయన ఎర్ర సిరా పూసి తిప్పి పంపేదాకా నాకు కాస్త తెరిపి. పుస్తకం చేతిలో ఉన్నన్నాళ్లూ కంప్యూటర్‌లో ఏ అప్‌డేటూ చేయను. పేజీలు సగంలో ఉండగా అక్షరాలు పేర్చే లైబ్రరీ మారిందంటే ఏ వత్తు ఎటు జారుతుందో ఎవరికెరుక? ఈ సందు దొరికింది కదా అని పొద్దున్నే ఆర్చ్ లినక్స్ ప్యాకేజీ మేనేజర్ పాక్‌మ్యాన్‌ని వదిలాను. సంక్రాంతికి ముందు నుంచీ పేరుకుపోయిన సరుకు, జాబితా చాంతాడంత వచ్చింది. అందులో కెర్నల్ కూడా ఉంది. 6.12 పోయి 6.13 వచ్చింది. తొమ్మిది పది వారాలకొక కొత్త కెర్నల్ వస్తుంది, అదేమీ వింత కాదు.

ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేకుండా ముగిసింది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారైందని, అంతా సవ్యంగా ఉందని కూడా చివర్లో చెప్పింది.

మధ్యాహ్నం ముఖచిత్రం పీడీఎఫ్ కోసం ప్రెస్సు కుర్రాడొచ్చాడు. పెన్‌డ్రైవ్ పెడితే దాని లైటు వెలిగింది కానీ తెర మీద జాడ లేదు. ఇది ఆర్చ్ వాడేవాళ్లందరికీ తెలిసిన ముచ్చటే. కెర్నల్ ప్యాకేజీ మారగానే పాత వెర్షన్ మాడ్యూళ్ల డైరెక్టరీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నడుస్తున్నది మాత్రం ఇంకా పాత కెర్నలే. అప్పటికే ఎక్కించుకున్న మాడ్యూళ్లతో బండి నడుపుతుంది, కొత్తగా ఏదైనా కావలసి డిస్క్ వైపు చూస్తే తన వెర్షన్‌ది ఒక్కటీ కనబడదు. ఉబుంటు, ఫెడోరా లాంటివి పాత కెర్నల్‌ని కూడా పక్కన అట్టే పెడతాయి. ఆర్చ్‌కి అలాంటి మొహమాటాలు లేవు. దీనికి మందు రీబూట్.

“ఒక్క నిమిషం బాబూ” అని రీబూట్ చేశాను.

పెన్‌డ్రైవ్ రాలేదు సరికదా, వైఫై పోయింది, టచ్‌ప్యాడ్ పోయింది, స్పీకర్ మూగబోయింది. కుర్రాడు కాసేపు చూసి, “విండోస్ వేయించేసుకోండి మేడమ్, మా దగ్గర అందరిదీ అదే” అని, రేపు వస్తానని వెళ్లిపోయాడు. వాళ్ల దగ్గర ఇంకా అను ఫాంట్లు, పేజ్‌మేకరే. నేను పీడీఎఫ్ ఇస్తాను కాబట్టి మా ఇద్దరికీ పేచీ రాదు.


18 ఫిబ్రవరి, మంగళవారం

యునేమ్‌ని అడిగితే 6.12 అంది. పాక్‌మ్యాన్‌ని అడిగితే 6.13 అంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటిది నడుస్తున్న కెర్నల్ సంగతి చెబుతుంది, రెండోది డిస్క్ మీద పెట్టిన ప్యాకేజీ సంగతి. రీబూట్ తర్వాత కూడా లేచి కూర్చున్నది పాతదేనన్నమాట. మాడ్యూళ్ల చోట చూస్తే 6.13 డైరెక్టరీ ఒక్కటే ఉంది. నిన్నటి జబ్బులన్నిటికీ వేరు ఇదే.

ఏవి పనిచేస్తున్నాయో, ఏవి చేయడంలేదో కాగితం మీద రాసుకుంటే ఒక సంగతి తేలింది. తెర వస్తోంది, కీబోర్డు వస్తోంది, డిస్క్ తెరుచుకుంటోంది. వైఫై, బ్లూటూత్, టచ్‌ప్యాడ్, సౌండ్ రావడంలేదు. ఫోన్‌కి తీగ కలిపి నెట్ తెచ్చుకుందామన్నా కుదరలేదు, దానికీ మాడ్యూలే కావాలి. వచ్చేవన్నీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండేవి. బూట్‌లోడర్ కెర్నల్‌తో పాటు దాన్ని కూడా మెమరీలో పెడుతుంది, అసలు డిస్క్‌ని తెరిచేందుకు కావలసినంత సామానే అందులో ఉంటుంది. పాత కెర్నల్ వెంట పాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా వచ్చింది. అంటే ఆ 6.12 జంట ఎక్కడో చెక్కుచెదరకుండా ఉంది, బూట్‌లోడర్ రోజూ దాన్నే లేపుతోంది.

బెంగళూరులో ఉన్న మేనల్లుడి స్నేహితుడొకడు ఫోన్లో ఓపిగ్గా, “గ్రబ్ కాన్ఫిగ్ మళ్లీ తయారుచేయండి ఆంటీ” అన్నాడు. కెర్నల్ కొత్తది వచ్చి మెనూలో కనబడకపోతే ఎవరైనా ముందు చెప్పేది అదే, చాలాసార్లు అదే సరైనది కూడా. ఉబుంటులో కెర్నల్ ఫైలు పేరులోనే వెర్షన్ ఉంటుంది, కాబట్టి ప్రతి కొత్త కెర్నల్‌కూ గ్రబ్ మెనూలో కొత్త వరుస రాయాలి. ప్యాకేజీ పెట్టాక నడిచే స్క్రిప్టు ఆ పని చేస్తుంది. అది ఏ కారణం చేతనో నడవకపోతే డిస్క్ మీద కెర్నల్ ఉంటుంది, మెనూలో ఉండదు. ఫెడోరా 2019లో 30వ వెర్షన్ నుంచి పద్ధతి మార్చింది. గ్రబ్ కాన్ఫిగ్‌ని ప్రతిసారీ తిరగరాయకుండా, కెర్నల్‌కొక చిన్న ఫైలు చొప్పున ఒక డైరెక్టరీలో పెడుతుంది, గ్రబ్ దాన్ని చదువుకుంటుంది. అక్కడ గ్రబ్ కాన్ఫిగ్‌ని ఎన్నిసార్లు తయారుచేసినా కెర్నల్ వరుసలు అందులోకి రావు.

నా దగ్గర గ్రబ్ లేదు. సిస్టమ్‌డీ-బూట్ ఉంది. ఆర్చ్‌లో కెర్నల్ ఫైలు పేరు ఎప్పుడూ ఒకటే, వెర్షన్ అంకె ఉండదు. మెనూలో నా వరుస ‘ఆర్చ్’ అని మాత్రమే చెబుతుంది. దాని వెనక 6.12 ఉన్నా 6.13 ఉన్నా మెనూ మొహం మారదు. కాబట్టి మెనూని తిరగరాసి లాభం లేదు, మెనూ చూపిస్తున్న ఫైలే పాతది.

రాత్రి నిద్ర పట్టక లీలో రోజులు గుర్తొచ్చాయి. 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లో పీసీ క్వెస్ట్ పత్రికతో లినక్స్ సీడీలు వచ్చేవి, రెడ్ హ్యాట్ 6.2 బూట్‌లోడర్ లీలోనే. దానికి ఫైలు పేర్లూ డైరెక్టరీలూ ఏమీ తెలియవు. కెర్నల్ డిస్క్ మీద ఏయే సెక్టార్లలో ఉందో ముందే ఒక పటంలో రాసుకుని, లేచేటప్పుడు కళ్లు మూసుకుని ఆ సెక్టార్లను చదివేది. కెర్నల్ మార్చి లీలో కమాండు మళ్లీ కొట్టకపోతే, అది పాత సెక్టార్ల దగ్గరికే పోయేది. సెక్టార్ల లెక్కలో తేడా వస్తే ఒక్కోసారి తెర మీద ‘ఎల్ఐ’ అని రెండక్షరాలు వేసి ఆగిపోయేది, తన పేరు కూడా పూర్తిగా చెప్పేది కాదు! గ్రబ్ వచ్చాక ఆ బాధ తీరింది. ఫైల్ సిస్టమ్‌ని తానే చదవగలదు కాబట్టి ఫైలు ఎటు జరిగినా పేరుతో పట్టుకుంటుంది. రెడ్ హ్యాట్ 2001లో 7.2తో గ్రబ్‌కి మారిపోయింది.


19 ఫిబ్రవరి, బుధవారం

పొద్దున /బూట్ డైరెక్టరీలోకి వెళ్లి చూశాను. కెర్నల్ ఫైలు ఉంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉంది, ఇంటెల్ మైక్రోకోడ్ ఉంది. అన్నిటి తేదీ సోమవారమే. ఫైల్ అనే కమాండుతో అడిగితే కెర్నల్ తన శీర్షంలోంచి వెర్షన్ చదివి వినిపిస్తుంది. వినిపించింది: 6.13. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కొత్త కెర్నల్ ఉండవలసిన చోట ఉంది, మరి బూట్‌లోడర్‌కి ఏమైంది, దాన్ని తీసేసి మళ్లీ పెడదాం అనుకుంటారు.

నాకు పట్టిచ్చింది అక్కడ ఉన్నవి కాదు, లేనివి. నా ఏర్పాటులో /బూట్ అంటే ఈఎఫ్ఐ పార్టిషనే. బూట్‌లోడర్ స్వయంగా అందులో ఉండాలి: ‘ఈఎఫ్ఐ’ అని ఒక డైరెక్టరీ, ‘లోడర్’ అని ఇంకొకటి. రెండూ లేవు. బూట్‌లోడరే లేని డిస్క్ పొద్దున ఎలా లేచింది?

బూట్‌కంట్రోల్‌ని స్థితి అడిగాను. ఈఎఫ్ఐ పార్టిషన్ తనకు దొరకడంలేదని, దాన్ని /బూట్ దగ్గరో ఇంకొక చోటో మౌంట్ చేస్తే మంచిదని సలహా ఇచ్చింది. ఇంకా కిందికి వెళ్తే, ఈ పూట తాను ఏ పార్టిషన్ నుంచి లేచిందో లోడర్ వదిలిపెట్టిన గుర్తు ఉంది. ఆ పొడుగాటి గుర్తును బీఎల్‌కేఐడీ చూపిన జాబితాతో పోల్చాను. ఎస్‌డీఏ1. డిస్క్‌లో మొదటి పార్టిషన్, ఫ్యాట్. ఉన్న చోటే ఉంది. ఫైండ్‌మౌంట్‌ని /బూట్ గురించి అడిగితే మాట్లాడలేదు. అంటే అక్కడ ఏదీ మౌంట్ కాలేదు.

అప్పుడు తెలిసింది. నా కంప్యూటర్‌లో /బూట్‌లు రెండున్నాయి. ఒకటి ఈఎఫ్ఐ పార్టిషన్, లోడర్ చదివేది అదొక్కటే. ఫర్మ్‌వేర్‌కి చదవడం వచ్చేది ఫ్యాట్, సిస్టమ్‌డీ-బూట్ ఫర్మ్‌వేర్ కళ్లతోనే చూస్తుంది, గ్రబ్‌లా ఎక్స్‌ట్4 చదివే డ్రైవర్లు వెంట తెచ్చుకోదు. రెండోది రూట్ పార్టిషన్‌లో ఆ మౌంట్ కోసం ఖాళీగా ఉంచిన మామూలు డైరెక్టరీ. పార్టిషన్ మౌంట్ కాని రోజున ఎవరు /బూట్‌లో రాసినా ఆ మామూలు డైరెక్టరీలోనే పడుతుంది. పాక్‌మ్యాన్‌కి ఆ తేడా తెలియదు, అది అడగదు కూడా. సోమవారం పొద్దున 6.13 అక్కడికి వెళ్లింది. లోడర్ మాత్రం తన ఫ్యాట్‌లోకి చూసి, అక్కడున్న 6.12ని లేపింది.

ఎందుకు మౌంట్ కాలేదో, ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో దొరికింది. /బూట్ వరుసలో పార్టిషన్‌ని దాని క్రమసంఖ్యతో గుర్తుపెట్టారు. ఫ్యాట్‌కి ఎనిమిది అక్షరాలుండే సంఖ్య అది, మధ్యలో గీత. బీఎల్‌కేఐడీ ఇప్పుడు చూపిస్తున్న సంఖ్య వేరు. సంక్రాంతి అప్పుడు పాత హార్డ్ డిస్క్ గరగరలాడితే కొట్టులో ఎస్‌ఎస్‌డీకి మార్పించాను. ఎక్స్‌ట్4ని ఉన్నదున్నట్టు క్లోన్ చేశారు, దాని యూయూఐడీ అలాగే వచ్చింది. ఫ్యాట్‌ని కొత్తగా ఫార్మాట్ చేసి అందులోకి ఫైళ్లు కాపీ చేశారు. కొత్త ఫార్మాట్ అంటే కొత్త సంఖ్య. మామూలుగా అలాగే చేస్తారు. ఫర్మ్‌వేర్‌కి ఆ సంఖ్యతో పనిలేదు. దాని జాబితాలోని పాత డిస్క్ పేరు చెల్లకపోయినా, ఏ డిస్క్ మీదైనా చూసే వెనకదారి చిరునామా ఒకటుంది. సిస్టమ్‌డీ-బూట్ తన కాపీ ఒకటి అక్కడ కూడా పెట్టుకుంటుంది. అందుకే డిస్క్ మార్చిన రోజు నుంచీ కంప్యూటర్ చక్కగా లేస్తోంది. ఫ్యాట్‌లో 6.12, ఎక్స్‌ట్4 మీద 6.12 మాడ్యూళ్లు, రెండూ జోడీ. కెర్నల్ మారేదాకా ఆ జోడీ చెదరలేదు.

లాగ్ తిప్పితే ప్రతి రోజూ ఒకటే వరుస. ఫలానా సంఖ్య గల పార్టిషన్ కోసం 90 సెకన్లు చూశాను, రాలేదు, /బూట్ మౌంట్ చేయలేకపోయాను. సంక్రాంతి నుంచి క్రమం తప్పకుండా చెబుతోంది పాపం. ఎఫ్‌స్టాబ్‌లో ‘నోఫెయిల్’ అని ఉండటంతో బూట్ ఆగలేదు, తెర మీదా కనబడలేదు.

సరే, మౌంట్ చేస్తే పోయె అని కమాండు కొట్టాను. వీఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ తనకు తెలియదంది.

ఎంత చక్కని ఉచ్చు! ఈఎఫ్ఐ పార్టిషన్‌ని తెరవాలంటే వీఫ్యాట్ మాడ్యూల్ కావాలి. నడుస్తున్న 6.12 తాలూకు వీఫ్యాట్‌ని అప్‌డేట్ తుడిచేసింది. 6.13ది ఉంది కానీ, మాడ్యూల్ మీద వెర్షన్ ముద్ర చూసి 6.12 దాన్ని లోపలికి రానివ్వదు. 6.13 లేవాలంటే దాన్ని ఫ్యాట్‌లో పెట్టాలి, ఫ్యాట్‌లో పెట్టాలంటే 6.13 లేవాలి.

రాత్రి మా మేనల్లుడు చిన్నోడికి ఫోన్ చేశాను. ఈ కంప్యూటర్‌లో ఆర్చ్ పెట్టింది వాడే. మొత్తం విని, “అత్తా, లైవ్ యూఎస్‌బీ ఒకటి చేయించు. దాంట్లోంచి లేచి, రెండు పార్టిషన్లూ మౌంట్ చేసి, క్రూట్‌లోకి వెళ్లి కెర్నల్ మళ్లీ పెట్టేయ్. పావుగంట పని” అన్నాడు.

“నోఫెయిల్ నువ్వే పెట్టావురా?”

“అవునత్తా. ఎప్పుడైనా ఆ పార్టిషన్ పాడైతే ఎమర్జెన్సీ మోడ్‌లో నల్ల తెర చూసి నువ్వు కంగారుపడతావని.”

వాడి ఉద్దేశం మంచిదే. కానీ నల్ల తెరే నయం కదా, కనీసం ఆ రోజే తెలిసేది.


20 ఫిబ్రవరి, గురువారం

లైవ్ యూఎస్‌బీ చేయాలంటే వేరే కంప్యూటర్ కావాలి. పక్క వీధి ఇంటర్నెట్ సెంటర్ పది దాటితే కానీ తెరవడు. కాఫీ తాగుతూ కూర్చుంటే వేరే దారి తట్టింది.

పాక్‌మ్యాన్ దింపుకున్న ప్యాకేజీలను పెట్టాక పారేయదు, కాష్‌లో దాచిపెడుతుంది. పాత వెర్షన్లు మరీ పేరుకోకుండా వారానికొకసారి పేకాష్ నడిచి చివరి మూడు వెర్షన్లు ఉంచి మిగతావి తీసేస్తుంది. వెళ్లి చూస్తే 6.12 కెర్నల్ ప్యాకేజీ నిక్షేపంలా ఉంది, పక్కనే 6.13ది కూడా. రెండింటికీ నెట్ అక్కర్లేదు. ఉచ్చులోంచి బయటపడే తాళంచెవి ఉచ్చులోపలే ఉంది.

ముందు పాత ప్యాకేజీని కాష్ నుంచే మళ్లీ పెట్టాను. వెనక్కి వెళ్తున్నావు సుమా అని పాక్‌మ్యాన్ హెచ్చరించింది, తెలుసునన్నాను. ఈసారి కూడా అది కెర్నల్ ఫైలుని రూట్‌లో ఉన్న ఉత్తుత్తి /బూట్‌లోనే పడేసింది. పడేయనీ, నాకు కావలసింది ఆ ఫైలు కాదు. 6.12 మాడ్యూళ్ల డైరెక్టరీ తిరిగి ప్రాణం పోసుకుంది. నడుస్తున్న కెర్నలూ 6.12, డిస్క్ మీద మాడ్యూళ్లూ 6.12. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

మళ్లీ మౌంట్ కొట్టాను, ఈసారి ఎఫ్‌స్టాబ్‌తో నిమిత్తం లేకుండా నేరుగా ఎస్‌డీఏ1 అని. చప్పుడు లేకుండా వెళ్లింది. మౌంట్ అడిగింది వీఫ్యాట్ ఒక్కటే అయినా అదొక్కటే చాలదు, ఫైలు పేర్ల కోడ్‌పేజీల మాడ్యూళ్లు కూడా కావాలి. ప్యాకేజీ మొత్తం వెనక్కి తెచ్చాను కాబట్టి అవీ ఉన్నాయి. ఒక్క వీఫ్యాట్ ఫైలుని మాత్రమే ఏరి తెచ్చి ఉంటే అక్కడ మళ్లీ ఇరుక్కునేదాన్ని.

/బూట్‌లో చూస్తే ‘ఈఎఫ్ఐ’, ‘లోడర్’ డైరెక్టరీలు కనిపించాయి. కెర్నల్ ఫైలు తేదీ జనవరిది. మూడు రోజులుగా వెతుకుతున్న 6.12 ఇదే.

ఇప్పుడు కొత్త ప్యాకేజీ. 6.13ని కాష్ నుంచి పెడితే 6.12 మాడ్యూళ్లు మళ్లీ తుడిచిపెట్టుకుపోయాయి, కానీ వీఫ్యాట్ అప్పటికే మెమరీలో ఉంది, పార్టిషన్ మౌంట్ అయ్యే ఉంది. ఇక ఇబ్బంది లేదు. ఆర్చ్‌లో 2019 నుంచి కెర్నల్ ఫైలు ప్యాకేజీతో నేరుగా /బూట్‌లోకి రాదు. మాడ్యూళ్ల పక్కనే ఒక కాపీ ఉంటుంది, ఎమ్‌కే‌ఇనిట్‌సీపీఐఓ హుక్కు దాన్ని /బూట్‌లోకి తెచ్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టి పెడుతుంది. ఆ వరుసలన్నీ సోమవారం వచ్చినట్టే వచ్చాయి. అక్షరం తేడా లేదు. సోమవారం ఉత్తుత్తి చోట రాసినప్పుడు, ఇవాళ సరైన చోట రాసినప్పుడు పాక్‌మ్యాన్ గొంతు ఒకటే.

అందుకని ఈసారి దాని మాట పక్కనబెట్టి ఫైల్ కమాండుతో అడిగాను. 6.13. ఫైండ్‌మౌంట్‌ని అడిగాను. /బూట్ మీద ఉన్నది ఎస్‌డీఏ1. ఎఫ్‌స్టాబ్‌లో పాత సంఖ్య తీసి కొత్త సంఖ్య రాశాను, ఒక్కో అక్షరం వేలుపెట్టి చూసుకుంటూ. అప్పుడు రీబూట్.

యునేమ్: 6.13. వైఫై మూలన వెలిగింది. ప్రెస్సుకి ముఖచిత్రం పంపాను, పెన్‌డ్రైవ్‌తో పనిలేకుండా మెయిల్‌లోనే.

చిన్నోడికి సంగతి రాస్తే, “కాష్ సంగతి నాకు తట్టలేదత్తా” అని జవాబిచ్చాడు. తట్టక కాదు. బెంగళూరులో వాడి బల్ల మీద ఎప్పుడూ రెండు మూడు లైవ్ యూఎస్‌బీలు పడుంటాయి, వాడికి ఇంకో దారి వెతకవలసిన అవసరం రాదు.


22 ఫిబ్రవరి, శనివారం

మిగిలిన చెత్త ఇవాళ ఊడ్చాను. మౌంట్ అంటే నేల మీద చాప పరవడం లాంటిది. చాప లేనప్పుడు నేల మీద ఒలికింది, తర్వాత చాప పరిచినా కిందే ఉంటుంది. ఫ్యాట్ పార్టిషన్ వచ్చి /బూట్ మీద కూర్చున్నాక కింద ఉన్న ఉత్తుత్తి కెర్నల్ కనబడదు, డిస్క్‌లో చోటు మాత్రం తింటూనే ఉంటుంది. డీయూ అడిగినా చెప్పదు. చూడాలంటే రూట్‌ని ఇంకో చోట బైండ్ మౌంట్ చేసి, ఆ దారిన లోపలికి వెళ్లాలి. లేదా /బూట్‌ని కాసేపు అన్‌మౌంట్ చేయాలి. నేను అన్‌మౌంట్ చేసి, కింద ఒలికిందంతా తుడిచి, ఖాళీ అయిన డైరెక్టరీకి చాట్ర్‌తో ‘మార్చరాదు’ అనే గుర్తు పెట్టాను. ఆ గుర్తున్న డైరెక్టరీలో రూట్ యూజర్ కూడా ఫైలు పెట్టలేడు. దాని మీద పార్టిషన్‌ని మౌంట్ చేయడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఇక మీదట మౌంట్ కాని రోజున /బూట్‌లో రాయబోతే అక్కడికక్కడే ఎర్ర అక్షరాలు వస్తాయి.

అయితే అది చాలదు. ఎర్ర అక్షరాలు వచ్చేసరికి పాక్‌మ్యాన్ మాడ్యూళ్లు మార్చేసి ఉంటుంది. హుక్కు నడిచేది చివర్లో, తుడుపు జరిగేది ముందు. కాబట్టి పని మొదలుకాకముందే ఆపాలి. పాక్‌మ్యాన్‌కి మన సొంత హుక్కులు రాసుకునే వీలుంది. కెర్నల్ ప్యాకేజీ మారబోతున్నప్పుడు, లావాదేవీకి ముందే, /బూట్ నిజంగా మౌంట్ పాయింటేనా అని అడిగి, కాకపోతే మొత్తం ఆపేయమని గుప్పెడు వరుసల్లో రాసి పెట్టాను. ఆ ఆపేసే అధికారం ముందు నడిచే హుక్కులకే ఉంది, తర్వాత నడిచేవాటికి లేదు. /బూట్‌ని కావాలని అన్‌మౌంట్ చేసి ఉత్తినే అప్‌డేట్ నడిపిస్తే ఠపీమని ఆగింది. చాలా తృప్తిగా అనిపించింది.

నోఫెయిల్ మీద చిన్నోడికీ నాకూ వాదన జరిగింది. నేను తీసేశాను. వాడు ఉంచమంటాడు.

“ప్రింటుకి పంపే రోజున పార్టిషన్ మౌంట్ కాకపోతే ఏం చేస్తావత్తా? కంప్యూటరే లేవదు కదా.”

“లేవకపోతే ఎందుకు లేవలేదని చూస్తాను. లేచి కూర్చుని అంతా బాగుందంటే ఎలా చూడనురా?”

వాడు నవ్వి, “సరే, కావాలంటే ఆటోమౌంట్ పెట్టుకో, ఎవరైనా /బూట్‌ని తాకినప్పుడే మౌంట్ అవుతుంది” అన్నాడు. అదీ మంచి పద్ధతే. ఫ్యాట్‌కి జర్నల్ లేదు, కరెంటు పోయినప్పుడు మౌంట్ కాకుండా ఉంటే దానికే క్షేమం. మా వీధిలో ఎండలు ముదిరాక కరెంటు సంగతి తెలిసిందే, అప్పటికి ఆలోచిస్తాను. లాప్‌టాప్ బ్యాటరీ ఇంకా గంట ఆగుతోంది.

ఈఎఫ్ఐ పార్టిషన్‌ని /బూట్‌గా వాడటమే తప్పనేవాళ్లూ ఉన్నారు. కెర్నల్‌ని ఎక్స్‌ట్4 మీద ఉంచి, ఈఎఫ్ఐని వేరే చోట మౌంట్ చేసి, గ్రబ్ పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవంటారు. అలా అయితే నా కథ జరిగేది కాదు, నిజమే. గ్రబ్ తిప్పలు వేరే జరిగేవి. నేను మారను.


26 ఫిబ్రవరి, బుధవారం, శివరాత్రి

నా జాగారం ముందే అయిపోయింది కాబట్టి ఇవాళ గుడికి వెళ్లొచ్చి పడుకుందామనుకున్నాను. సాయంత్రం మా వీధి చివరి ఫిజిక్స్ లెక్చరర్ గారు లాప్‌టాప్ పట్టుకొచ్చారు. వారిదీ ఇదే ఫిర్యాదు: “మింట్ అప్‌డేట్ అయిందమ్మా, కెర్నల్ మాత్రం పాతదే లేస్తోంది.”

ముందు ఫైండ్‌మౌంట్ చూశాను. వారి /బూట్ సవ్యంగానే ఉంది. మింట్ తన గ్రబ్ కాన్ఫిగ్ కూడా శుభ్రంగా రాసుకుంది, కొత్త కెర్నల్ వరుస అందులో ఉంది. కానీ డిస్క్‌లో డెబియన్ కూడా ఉంది, మింట్ తర్వాత పెట్టారు. ఫర్మ్‌వేర్ మొదట లేపేది డెబియన్ గ్రబ్‌ని. డెబియన్ పెట్టిన రోజున ఓఎస్-ప్రోబర్ మింట్‌లోకి తొంగిచూసి, ఆ రోజున్న కెర్నల్ పేరు రాసుకుంది. దాన్నే నమ్ముకుని కూర్చుంది. మింట్ తన పుస్తకంలో ఎన్ని వరుసలు రాసుకున్నా ఆ పుస్తకం ఎవరూ తెరవరు.

డెబియన్‌లోకి వెళ్లి గ్రబ్ అప్‌డేట్ చేస్తే సరిపోవచ్చు. అయితే గ్రబ్ 2.06, అంటే 2021 నుంచి, ఓఎస్-ప్రోబర్‌ని ప్రత్యేకంగా అడిగితే తప్ప నడిపించదు. డెబియన్ 12లో ఉన్నది అదే. అడగకుండా అప్‌డేట్ చేస్తే మింట్ వరుస మొత్తం మెనూలోంచి మాయమవుతుంది, అప్పుడు వారు నిజంగా కంగారుపడతారు. వారు రోజూ వాడేది మింటే కదా అని ఈఎఫ్ఐ-బూట్-మేనేజర్‌తో వరుసక్రమం మార్చి, మింట్ గ్రబ్‌ని ముందుకు తెచ్చాను. ఫర్మ్‌వేర్ జాబితాలో మింట్ అనే పేరు లేదని వారు అభ్యంతరం చెప్పారు. ఉండదు, మింట్ తనను తాను అక్కడ ఉబుంటు అనే నమోదు చేసుకుంటుంది. ఆ పేరు చూసి, ఎప్పుడో తీసేసిన ఉబుంటు అవశేషం అనుకుని చెరిపేద్దామనుకున్నారట. చెరపకపోవడం మంచిదైంది.

కొత్త కెర్నల్ లేచింది. వారు ఉపవాసం, కాఫీ కూడా పుచ్చుకోలేదు.


8 మార్చి, శనివారం

మాస్టారి ప్రూఫు వచ్చింది, పుస్తకం మళ్లీ చేతిలోకి రాకముందే ఒక అప్‌డేట్. 6.13లోనే తర్వాతి సవరణ. హుక్కు ముందుగా పలికింది, /బూట్ మౌంట్ అయి ఉందని చూసుకుని దారి వదిలింది. ఫైల్ కమాండు కొత్త అంకె చెప్పింది, రీబూట్ తర్వాత యునేమ్ కూడా అదే చెప్పింది.

ఎల్‌టీఎస్ కెర్నల్ కూడా పక్కన పెట్టాను. దాని ఫైలు పేరు వేరు, మాడ్యూళ్ల డైరెక్టరీ వేరు, ఒకటి మారినప్పుడు రెండోది కదలదు. లోడర్ మెనూలో దానికి వరుస మాత్రం చేత్తో రాయాలి: శీర్షిక, కెర్నల్ దారి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దారి, రూట్ యూయూఐడీ. రాశాను, ఒకసారి దానిలోంచి లేచి చూశాను, వైఫై వచ్చింది. ఈఎఫ్ఐ పార్టిషన్ 512 ఎంబీయే. రెండు కెర్నళ్లు, వాటి ఫాల్‌బ్యాక్ ఇమేజీలు కలిసి సగం పైన ఆక్రమించాయి. ఎల్‌టీఎస్‌కి ఫాల్‌బ్యాక్ తీసేయాలి.

మాస్టారు 3వ అధ్యాయంలో లంకల పేర్లు సగం మార్చారు. సోమవారం నుంచి కూర్చోవాలి.